దయ్యం సినిమాలో మనమెవరం?

(కర్నూలు, కడప జిల్లాల గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేం మాట్లాడబోయేది దయ్యం సినిమాల గురించి. వినంగానే కొందరు నవ్వినారు. "భూమి సంగతి ఉంది, కూలి సంగతి ఉంది, తాగేనీళ్ళ సంగతి ఉంది. దయ్యాల కత యాలప్పా ఇప్పుడు?" అని వెనక వరుసలో ఒకాయన అడిగినాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబే ఈ ప్రసంగమంతా. దయ్యం సినిమాలో కూడా ఉండేది భూమి సంగతే, చావు సంగతే, బొందలగడ్డ సంగతే.

మన గేరుల్లో, మన పల్లెల్లో ఈ సినిమాలు చూడనివాళ్ళు లేరు. డేరాలో నేల మీద కూచోని చూసిన తరం ఉంది. జాతరకు అద్దెకు తెచ్చిన వీడియో పెట్టె ముందు తెల్లారేదాకా చూసిన తరం ఉంది. ఇప్పుడు దుప్పటి కప్పుకోని సెల్‌ఫోన్లో చూసే తరం వచ్చింది. ఈ సినిమాల్లో పెద్ద హీరో ఉండడు. పెద్ద ఖర్చు ఉండదు. పత్రికల్లో మెచ్చుకోళ్ళు ఉండవు. అయినా జనం పోతారు. ఒకసారి చూసినదే నాలుగుసార్లు చూస్తారు.

ఈ జనాన్ని గురించి చదువుకున్నవాళ్ళు రెండు మాటలు అంటారు. "నేల టికెట్టుగాళ్ళకు రుచి యాడుంది, చెత్త చూస్తారు" అనేది ఒకటి. "మూఢనమ్మకాలున్న జనం గనుక దయ్యాలు చూస్తారు" అనేది రెండోది. మొదటి మాటలో కులం కంపు ఉంది. రెండోది మన మంచి కోరేవాళ్ళు అనే మాటే గానీ, మనల్ని అడిగి అన్నది కాదు. దయ్యం నిజంగా ఉందని వణికేవాడు డబ్బిచ్చి దాని దగ్గరికి పోడు. పొద్దుగూకినాక ఆ దిక్కే చూడడు. టికెట్టు కొనుక్కోని పోయేవాడికి అది సినిమా అని తెలుసు. తెలిసీ ఎందుకు పోతాడు? ఆ సినిమాలో మనం ఎవరం? సినిమా అయిపోయి ఇంటికొచ్చినాక మనం చేయాల్సింది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలే ఈ పూట.

చవక సినిమా మన దాకా ఎట్లొచ్చింది

సినిమా వ్యాపారంలో మన జిల్లాలకు ఒక పేరుంది. నైజాం, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలు పంచుకునే పంపిణీదార్లు మన సీమను 'సీడెడ్' అంటారు. 1800లో నిజాం ఈ నేలను కుంఫిణీవాళ్ళకు వదిలేసినప్పుడు పడిన పేరది. ఇచ్చేసిన జిల్లాలు అని అర్థం. రెండు వందల ఏళ్ళు దాటినా, ఫలానా సినిమా సీడెడ్‌లో ఎంత వసూలు చేసిందని ఇంకా లెక్కలు రాస్తారు. ఆ ఇచ్చేసిన నేలలో, ఊరవతలికి నెట్టేసిన జనం మనం. మన దాకా వచ్చే సినిమా కూడా అట్లాగే, అందరూ చూసి వదిలేసినాక వచ్చేది.

పట్నంలో పెద్ద టాకీసుల్లో ఆడి ఆడి నలిగిన ప్రింటు, గీతలు పడి, అతుకులు పడి చిన్న ఊర్లకూ డేరాలకూ చేరేది. డేరా టాకీసుకు తాత్కాలిక లైసెన్సు. ఒక్కటే ప్రొజెక్టరు. రీలు మార్చాలంటే సినిమా ఆపాల్సిందే. అందుకని ఒక సినిమాకు రెండు మూడు ఇంటర్వెల్లు. పెద్ద హీరో కొత్త సినిమా అద్దెను డేరా మోయలేదు. చవకగా దొరికేదీ, ఎప్పుడు వేసినా జనం వచ్చేదీ ఒకటి జానపద సినిమా, రెండు దేవత సినిమా, మూడు దయ్యం సినిమా. చాలాసార్లు ఈ మూడూ ఒకే సినిమాలో ఉండేవి.

ఈ లెక్క బాగా తెలిసిన మనిషి బి. విఠలాచార్య. 1920లో ఉడుపి దగ్గర పుట్టి, కన్నడ దేశంలో డేరా టాకీసులు నడిపి, ఆనక మద్రాసు చేరి సినిమాలు తీసినాడు. 1999లో చనిపోయినాడు. జానపద బ్రహ్మ అని పేరు. నేల మీద కూచున్నవాడు ఎప్పుడు ఈల వేస్తాడో, ఎప్పుడు పిల్లను ఒళ్ళోకి లాక్కుంటాడో డేరా నడిపినవాడికి తెలుస్తుంది. ఉన్న సెట్టునే రంగు మార్చి మళ్ళా వాడేవాడంటారు. అలిగి షూటింగుకు రాని నటుణ్ని కథలో చిలకగానో గొర్రెగానో మార్చేసి పని కానిచ్చేవాడని కూడా చెప్పుకుంటారు. ఆ కతల్లో నిజమెంతో గానీ, చేతిలో ఉన్నదాంతో పని గడుపుకునే ఆ తెలివి మన కొంపలకు కొత్తది కాదు.

హిందీలో రాంసే అన్నదమ్ములు ఏడుగురు ఇదే పని చేసినారు. కథ, కెమెరా, సౌండు, దర్శకత్వం ఇంటివాళ్ళే పంచుకున్నారు. పెద్ద తారలు లేకుండానే 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే', 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా' వచ్చినాయి. పెద్ద పట్నాల కంటే చిన్న ఊర్లే వాళ్ళను సాకినాయి. ఉర్దూ మాట్లాడే సాయిబుల ఇండ్లున్న కర్నూలు, ఆదోని, కడప లాంటి ఊర్లకు హిందీ సినిమా పరాయిది కాదు. తెలుగులో యండమూరి నవల మీద 1986లో 'కాష్మోరా' వచ్చింది. రాంగోపాల్ వర్మ 1992లో 'రాత్రి', 1996లో 'దెయ్యం' తీసినాడు. ఈ వరస ఇప్పటికీ ఆగలేదు. 2021లో థియేటరుకు రాకుండా ఫోన్లలోకి నేరుగా వచ్చిన 'మా ఊరి పొలిమేర' చేతబడి మీద చిన్న ఖర్చుతో తీసినదే. అది ఎంత నడిచిందంటే 2023లో దాని రెండో భాగం థియేటర్లలోనే వేసినారు.

చీకట్లో ఎవరి పక్కన ఎవరు

దయ్యం దగ్గరికి పోయే ముందు ఆ సినిమా ఆడే హాలు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఊరి గుడిలోకి మనల్ని రానియ్యలేదు. హోటల్లో మన గ్లాసు వేరు. మన బావి వేరు. మన శవం పోయే దారి వేరు. డేరాలో మాత్రం నేల, బెంచి, కుర్చీ అని డబ్బు లెక్కన కూచోబెట్టినారు. కుర్చీలో ఎవరు, నేల మీద ఎవరు అని చూస్తే అక్కడా కులమే కనపడేది. ఎందుకంటే డబ్బు ఉండేది ఆ కులాల దగ్గరే. అయినా దీపాలు ఆర్పినాక ఎవరి మోకాలు ఎవరి వీపుకు తగిలిందో చూసేదానికి వెలుతురు ఉండదు. తెర మీద దయ్యం వచ్చినప్పుడు నేలా కుర్చీ ఒకేసారి ఉలిక్కిపడతాయి. రెడ్డి భయం, మాదిగ భయం అని రెండు భయాలు ఉండవు ఆ క్షణంలో.

ఆ కాస్త సమానాన్ని కూడా ఓర్వలేకపోయినారు. 1991 జూలైలో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు రెడ్ల పిల్లోనికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. అది సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి చంపినారు. కాలు తగలడం ఒక సాకు. చదువుకున్నవాడు టికెట్టు కొనుక్కోని తమకు సమానంగా కూచున్నాడే, అదీ వాళ్ళ కడుపుమంట.

అందుకే మేం చెప్పేది, మనం సినిమా హాల్లో కూచోవడం ఉత్త కాలక్షేపం కాదు. అది హక్కు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టంలోనే, అంటే ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోనే, వినోద స్థలాల్లోకి రానియ్యకపోతే నేరమని రాసినారు. ఆ హక్కు మనకు ఎవరూ ఊరికే ఇయ్యలేదు.

ఎందుకు ఇష్టపడతాం

ఇప్పుడు మొదటి ప్రశ్న. అంత ఇష్టం ఎందుకు?

భయం మనకు కొత్త కాదు. పెత్తందారు ఇంటికి పిలుపొస్తే భయం. రాత్రిపూట గేరిలోకి జీపు వస్తే భయం. నీళ్ళకు పోయిన ఆడబిడ్డ ఆలస్యంగా వస్తే భయం. ఈ భయాలకు మొదలుందే గానీ ఆఖరు లేదు. దయ్యం సినిమాలో భయం రెండున్నర గంటల్లో అయిపోతుంది. నలుగురితో కలిసి భయపడతాం, నలుగురితో కలిసి నవ్వుతాం, బొరుగులు తింటూ ఇంటికొస్తాం. భయాన్ని ఒకసారి మన చేతిలో పట్టుకోని చూసినట్టు ఉంటుంది. ఇది మొదటి కారణం.

రెండోది పని. నున్నగా తీసిన పెద్ద సినిమాలో పని కనపడదు. చవక సినిమాలో కనపడుతుంది. గాల్లో ఎగిరే పుర్రెకు కట్టిన దారం కనపడుతుంది. పులి తోలు లోపల మనిషి కాళ్ళు కనపడతాయి. నేల మీద కూచున్నవాడు కూలిమనిషి. దారం కనపడంగానే వాడికి నవ్వొస్తుంది, ఆ వెంటనే "బలే కట్టినాడప్పా" అని మెచ్చుకోలు కూడా వస్తుంది. తెర వెనక కూడా మనలాంటి కూలోడే ఉన్నాడని తెలుస్తుంది.

మూడోది ఆడవాళ్ళ సంగతి. 1978 నాటి విఠలాచార్య సినిమా 'జగన్మోహిని' చూసినవాళ్ళు ఒక దృశ్యం మర్చిపోరు. దయ్యమైన జయమాలిని వంట చేయడానికి కట్టెలు లేక తన కాళ్ళే పొయ్యిలో పెడుతుంది. మంట మండుతుంది, కాళ్ళు కాలవు, కూడు ఉడుకుతుంది. బయటివాళ్ళకు అది ఉత్త తమాషా. మన సీమలో కట్టెల కోసం ఆడవాళ్ళు ఎంత దూరం నడుస్తారో, కంపచెట్లు నరికి ముండ్లు గీరుకున్న చేతులతో ఎట్లా మోసుకొస్తారో తెలిసినవాళ్ళకు అది వేరేగా కనపడుతుంది. రోజూ పొయ్యిలో కాలేది ఆమె ఒళ్ళే. దయ్యమైతే మాత్రం కాలదు. ఆ సంగతి అక్కలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అందుకే నేలలో ఆడవాళ్ళ పక్క నుంచే ముందు నవ్వు లేస్తుంది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. దయ్యం సినిమాలో పెద్దిల్లు వణుకుతుంది. 'పురానా మందిర్'లో తల వేరు, మొండెం వేరు చేసి పాతిపెట్టిన సామ్రి రాజవంశాన్ని తరతరాలుగా పట్టి పీడిస్తాడు. సామ్రి మంచివాడేం కాదు, రాక్షసుడే. కానీ రాజు తలుపు గడియ వేసుకోని వణకడం జనం ఇంకెక్కడ చూడాలి? తమిళంలో తీసి తెలుగులో బాగా ఆడిన 'కాంచన' 2011లో వచ్చింది. అందులో దయ్యం ఒక హిజ్రా మనిషి. పేదలకు ఆసుపత్రి కట్టాలని కొన్న భూమిని ఎమ్మెల్యే కాజేసి, వాళ్ళను చంపి, అదే భూమిలో పాతిపెడతాడు. దయ్యం తిరిగొచ్చేది ఆ భూమి కోసమే. కడుపుబ్బ నవ్వించే సినిమాయే అయినా, నడుమ ఉన్న ముడి భూమి.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మన సీమలోనే, అప్పటి కర్నూలు జిల్లా వేంపెంటలో 1998లో దళితులను చంపినారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ముసలైపోయినవాళ్ళను మీరందరూ చూసే ఉంటారు. సాక్ష్యం చాలలేదని కోర్టు అంటుంది. దయ్యం సినిమాలో సాక్ష్యం అక్కరలేదు. చచ్చినవాడే వచ్చి వేలు పెట్టి చూపిస్తాడు. చంపినవాడికి అర్ధరాత్రి చెమటలు పడతాయి. జనం ఈల వేసేది ఆ చెమటకు. బయట దొరకనిది అక్కడ టికెట్టుకు దొరుకుతుంది. ఇదీ ఆ ఇష్టం వెనక ఉన్న సంగతి. దీన్ని రుచి లేకపోవడం అంటామా? మూఢనమ్మకం అంటామా?

ఆఖరి రీలులో ఏమవుతుంది

కానీ ఆ సంతోషంలోనే మోసం కూడా ఉంది. రెండో ప్రశ్నకు వద్దాం. ఈ సినిమాల్లో మనం ఎవరం?

మంత్రగాడిని చూడండి. చాలా సినిమాల్లో వాడు నల్లగా ఉంటాడు. బొందలగడ్డలో కాపురం. ఎముకలు, పుర్రెలు, కోడినెత్తురు, కల్లు, చుట్ట. వాడు వచ్చేముందు మోగేది తప్పెట. వాడు కొలిచేది ఊరిబయట అమ్మవారి లాంటి దేవతను, దానికి క్షుద్రదేవత అని పేరు. ఇవన్నీ ఎవరి గుర్తులు? కాటికాపరి ఎవరు? బొంద తవ్వేది ఎవరు? చచ్చిన గొడ్డును ఈడ్చేది ఎవరు? తప్పెట కొట్టేది ఎవరు? సుంకులమ్మకు, మారెమ్మకు, ఎల్లమ్మకు కోడిని కోసేది ఎవరు? తరతరాలుగా మన నెత్తిన రుద్దిన పనులను మూటగట్టి, దానికి కోరలు తగిలించి, ఇదే రాక్షసత్వం అని చూపిస్తారు. ఆఖరి రీలులో సంస్కృత మంత్రం మోగుతుంది, మెరుపు మెరుస్తుంది, క్షుద్రం చస్తుంది. అన్యాయమైపోయిన దయ్యాన్ని కూడా శాంతించమని సీసాలో బిగిస్తారు, లేదంటే కాల్చేస్తారు. పెద్దిల్లు మళ్ళా పెద్దిల్లే. ఎవరి భూమి వాళ్ళకు తిరిగొచ్చిన దయ్యం సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. చచ్చేముందు ఆమెకు జరిగిన దౌర్జన్యాన్ని నిదానంగా, కెమెరా కదలకుండా చూపిస్తారు. అది చూపించే గోడ మీద పోస్టరు వేస్తారు. ప్రతీకారం రెండు నిముషాలు, దౌర్జన్యం పది నిముషాలు ఉంటే ఆ సినిమా ఎవరి కోసం తీసినట్టు? ఈల వేసే తమ్ముళ్ళు ఇది అడగాలి. మన అక్కచెల్లెండ్లను దేవుడి పేరు చెప్పి జోగిని, బసివి, మాతమ్మ అని ఊరికి వదిలేసిన సీమ ఇది. ఆ ఆచారాన్ని 1988 చట్టంతో నిషేధించినారు. అట్లాంటి సీమలో ఆ పోస్టరు ఉత్త పోస్టరు కాదు.

ఒక పేరు సంగతి చెప్తాం. అరుంధతి మాదిగల ఆడబిడ్డ అని మన పెద్దలు కతలు చెప్తారు. అరుంధతీయులు అనే పేరు అందులోంచే వచ్చింది. పెళ్ళిళ్ళలో అన్ని కులాలవాళ్ళూ తలెత్తి చూసే చుక్క మన ఇంటిది. 2009లో 'అరుంధతి' అని సినిమా వచ్చింది, రాష్ట్రమంతా ఆడింది. అందులో అరుంధతి గద్వాల సంస్థానం రాచబిడ్డ. సినిమాలో మనం చూసిన ఆ పాడుబడిన కోట మన బనగానపల్లెలో నవాబు కట్టిన బంగళా. 1948లో కలిసిపోయేదాకా బనగానపల్లె ఒక చిన్న సంస్థానం. ఇప్పుడు ఆ ఊరు నంద్యాల జిల్లాలో ఉంది. జనం ఆ కట్టడాన్ని నవాబు బంగళా అనడం తగ్గించి అరుంధతి బంగళా అంటున్నారు. యాగంటికి పోయేవాళ్ళు ఆగి ఫోటోలు దిగుతారు. సినిమాకు అంత బలం ఉంది. కట్టిన నవాబు పేరునే అది మార్చేసింది. మన ఆడబిడ్డ పేరు, మన సీమ బంగళా రెండూ వాడుకున్న ఆ కతలో మనం యాడున్నామని వెతుక్కోవాల్సి వచ్చింది.

అమెరికాలో ఇదే సంగతిని ఒక చవక సినిమా తలకిందులు చేసింది. 1968లో జార్జ్ రొమేరో అనే ఆయన పిట్స్‌బర్గ్ దగ్గర కొద్ది డబ్బుతో, పేరులేని నటులతో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీసినాడు. బొందల్లోంచి శవాలు లేచి మనుషులను తినే కత. ఒక ఇంట్లో చిక్కుకున్నవాళ్ళ కోసం రాత్రంతా పోరాడేది డ్యుయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు. తెల్లారుతుంది. అతడొక్కడే మిగులుతాడు. తుపాకులు పట్టుకోని వచ్చిన తెల్లవాళ్ళ గుంపు అతణ్ని కూడా శవమే అనుకోని కాల్చి, మంటలో వేస్తుంది. మార్టిన్ లూథర్ కింగును కాల్చి చంపిన ఏడాదే అది విడుదలైంది. శవాల కంటే ఆ గుంపే భయంకరమని చూసినవాళ్ళకు అర్థమైంది. 2017లో జోర్డన్ పీల్ అనే నల్లజాతి దర్శకుడు 'గెట్ అవుట్' తీసినాడు. అందులో భయం బొందలగడ్డలో ఉండదు, మర్యాదగా నవ్వుతూ పలకరించే తెల్ల కుటుంబం ఇంట్లో ఉంటుంది. కథ రాసినందుకు ఆయనకు ఆస్కార్ వచ్చింది. చవక భయాల సినిమా ఎవరి చేతిలో ఉందనేదాన్ని బట్టి అందులో దయ్యం ఎవరో మారిపోతుంది.

బొందలగడ్డను దున్నినవాణ్ని దయ్యం పట్టిందా?

ఇప్పుడు మూడో ప్రశ్న. ఇంటికొచ్చినాక ఏం చేయాలి?

1996 నాటి 'దెయ్యం' సినిమాలో బొందలగడ్డ భూమిలో ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని చచ్చినవాళ్ళు వదలరు. చూసి వణికినాం. మరి మన ఊర్లలో చూడండి. మన తాతలు, అవ్వలు, పురిట్లో పోయిన పసిబిడ్డలు పండుకున్న గడ్డను ఏటా ఒక సాలు, ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చేవాడు ఉన్నాడు. వానిలో ఎవరికైనా దయ్యం పట్టిందా? బుడ్డలు బాగానే పండినాయి. సమాధి రాయి గట్టుకు పనికొచ్చింది. దయ్యం భయం మనకే చెప్పినారు. చీకట్లో పోవద్దని, గడ్డ వైపు చూడొద్దని మనకే చెప్పినారు. పగటిపూట గొలుసు పట్టుకోని కొలిచేవాడికి ఏ భయమూ లేదు.

అందుకని సినిమా చూసిన మర్నాడు పగలు బొందలగడ్డకు పోండి. అది ఏ సర్వే నెంబరో కనుక్కోండి. ఆర్.ఎస్.ఆర్.లో శ్మశానం పోరంబోకు అని ఉందా, ఎన్ని సెంట్లు ఉంది, ఎఫ్.ఎం.బి. పటంలో హద్దులు ఎట్లున్నాయి, ఇప్పుడు అడంగల్‌లో ఎవరి పేరు ఎక్కింది అని చూడండి. నకళ్ళు తీసుకోండి. కొలతకు తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రశీదు అడగండి. దారి లేకపోతే దారి కోసం విడిగా అర్జీ పెట్టండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోనియ్యకపోతే నేరం. మన చేత శవాలు, గొడ్ల కళేబరాలు మోయిస్తే, బొందలు తవ్విస్తే నేరం. మన ఆడబిడ్డను జోగినిగా వదిలితే నేరం. మంత్రగత్తె అని నింద వేసి మనల్ని కొట్టినా, మనసు క్షోభ పెట్టినా నేరం.

ఈ ఆఖరిది గట్టిగా చెప్పుకోవాలి. 2023లో 'విరూపాక్ష' అని పెద్ద సినిమా ఆడింది. ఒక ఊరివాళ్ళు క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను చంపుతారు. ఆ పగ ఊరిని పట్టుకుంటుంది. గుంపు హత్య తప్పని చూపిస్తూనే, ఆ క్షుద్రవిద్య మాత్రం నిజమేనని ఆ సినిమా చెప్తుంది. తెర మీద అది కత. ఊర్లో అది ఒక ముసలామె ప్రాణం. ఎవరి బిడ్డకో జ్వరమొచ్చి తగ్గకపోతే, ఎవరి గొడ్డో చస్తే, తోడు లేని ముండమోపి మీద, లేదంటే గేరిలో ముసలోని మీద చూపు పడుతుంది. పండ్లు రాలగొట్టిన సంగతులు, చెట్టుకు కట్టేసిన సంగతులు మన తెలుగు నేలలో జరిగినాయి. ఇంకోమాట కూడా దాచకుండా చెప్పాలి. ఈ నింద వేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. మనలో మనమే కొట్టుకుంటే అత్యాచారాల చట్టం వర్తించదు, మామూలు నేరచట్టం కింద కేసవుతుంది. చట్టం ఏదైనా పోయేది మన ప్రాణమే.

రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఒక్క ఉదాహరణ చెప్తాం. కట్లపాము రాత్రిపూట ఇండ్లల్లోకి వచ్చి నేల మీద పండుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు. కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. ఎంగిలి మింగుడు పడదు. ఆనక ఊపిరి అందదు. సినిమా చూసిన కండ్లకు ఇది గాలి సోకినట్టే, గొంతు మీద దయ్యం కూచున్నట్టే కనపడుతుంది. మంత్రగాడి దగ్గర పోగొట్టుకున్న రెండు గంటల్లో మనిషి పోతాడు. విషానికి విరుగుడు మందు సర్కారు ఆసుపత్రిలో ఉంటుంది. ఊపిరి అందించే మిషను ఉన్న ఆసుపత్రికి ఎంత తొందరగా చేరిస్తే అంత మంచిది. రెప్పలు వాలితే తాయెత్తు వెతకొద్దు, 108కి ఫోన్ కొట్టండి. మన పిల్లలకు దోమతెర కట్టి, మంచం మీద పండుకోబెట్టండి.

సినిమాలు మానుకోమని మేం చెప్పడం లేదు. మానుకోమంటే మీరు వినరు, వినాల్సిన పనీ లేదు. పగలంతా వొంగి పని చేసినవాడికి రాత్రి ఒక గంట కేక వేసి నవ్వుకునే హక్కు ఉంది. చూసినాక మాత్రం గేరిలో అరుగు మీద కూచోని మూడు మాటలు అడుక్కోండి. ఇందులో చంపినవాడు ఎవడు, చచ్చినవాడు ఎవడు? మంత్రగాడికి ఎవరి బట్టలు తొడిగినారు? ఆఖరికి భూమి ఎవరి చేతిలో ఉంది? పదేండ్ల పిల్లోడు కూడా జవాబు చెప్తాడు. చెప్పినవాడు మళ్ళా ఎప్పుడూ ఆ సినిమాను గుడ్డిగా చూడడు.

తమ్ముళ్ళకు ఇంకొక్క మాట. మీ చేతుల్లో ఫోనుంది, అందులో కెమెరా ఉంది. విఠలాచార్యకు లేనంత సరంజామా మీ జేబులో ఉంది. బొందలగడ్డను దున్నినవాని కత తీయండి. తప్పెటను భయానికి కాకుండా మేలుకొలుపుకు మోగించండి. దారం కనపడితే కనపడనీ, మన జనం దారం చూసి నవ్వుతారు, కతను మాత్రం వదలరు.

బతికుండగా గంజి పోయనోడు చచ్చినాక గోదానం చేసినాడని సామెత. సినిమావాళ్ళు కూడా అంతే. బతికుండగా మనకు దక్కని న్యాయం చచ్చి దయ్యమైనాక ఇప్పిస్తారు. మనకు అంతదాకా ఆగే ఓపిక లేదు. వచ్చే సోమవారం అర్జీల రోజు కలెక్టరాఫీసుకు ఒక్కో ఊరి నుంచి బొందలగడ్డ నకలు పట్టుకోని పదిమంది రండి. చచ్చినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళం పోయి నిలబడదాం.

జై భీమ్.